బోర్లించని గిన్నె

మొన్న పాత సామాన్లు కొనేవాడు మా గుమ్మం ముందు బండి ఆపాడు. మూత పోయిన టిఫిన్ క్యారియర్ ఒకటి అటక మీద పడి ఉంటే తీసి ఇచ్చాను. వాడు జేబులోంచి దారం కట్టిన అయస్కాంతం తీసి క్యారియర్ అంచుకు ముట్టించాడు. అది అంటుకుంది.

"ఇది స్టీలు కాదమ్మా. అంటుకుంటాంది చూడు. ఇనప సామాను కింద ఏసుకుంటా" అన్నాడు.

"అంటుకుంటే స్టీలు కాదని నీకెవరు చెప్పినారు?" అన్నాను. నాకు తెలియకుండానే గొంతు లేచింది. "అంచును మిషన్లో వంచింటారు, అందుకే ఆడ లాగుతాంది. అడుగున ముట్టించి చూడు. చూడు ముందు!"

వాడు బెదిరిపోయి క్యారియర్‌ను తిరగేసి అడుగున ముట్టించాడు. అంటలేదు. "సరేలేమ్మా, స్టీలేలే. ఇంత దానికి అంత కోపమేందీ" అని సణుక్కుంటూ బండి తోసుకుని పోయాడు. పక్కింటివాళ్లు కిటికీలోంచి చూస్తున్నారు. రిటైరైన టీచరమ్మ నడివీధిలో తగువు పెట్టుకోవడం వాళ్లకు కొత్త. లోపలికి వచ్చి కూర్చున్నాక కూడా నా కోపం తగ్గలేదు. ఆ కోపం పాపం వాడి మీద కాదు, మా చిన్నాయన మీద. ఆయన పోయి ఇన్నేళ్లయినా ఆ కోపం పోలేదు. ఆయన మీద ప్రేమ కూడా పోలేదు. రెండూ ఒకే చోట కాపురం ఉంటున్నాయి.

మా చిన్నాయన ఆళ్లగడ్డలో హైస్కూలు సైన్సు మాస్టరు. మా నాయన రుద్రవరంలో సేద్యం చేసేవాడు. నన్ను చదువు కోసం తమ్ముడింట్లో వదిలాడు కాబట్టి నేను పెరిగింది చిన్నాయన దగ్గరే. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో ఉండేవాడు. ఆ చొక్కా జేబు మాత్రం ఎప్పుడూ ఒక పక్కకు వాలిపోయి ఉండేది. అందులో ఆయన సూదంటురాయి ఉండేది. చెడిపోయిన రేడియో స్పీకరులోంచి ఊడదీసిన నల్లటి చక్రం అది. చేతిరుమాలులో చుట్టి పెట్టుకునేవాడు. చుట్టూ ఇనప రజను, గుండుసూదులు, ఎవరి చొక్కాదో ఒక పిన్నీసు అతుక్కుని ఉండేవి.

ఆ రాయి పుణ్యమా అని ఆయన చేతి గడియారం ఏనాడూ సరిగ్గా నడవలేదు. బడికి ఒక్క నిమిషం ఆలస్యమైనా పిల్లలను ఎండలో నిలబెట్టే మనిషి, దారిన పోయే ప్రతివాణ్ణీ టైమెంతని అడుగుతూ పోయేవాడు. "ఆ రాయన్నా పారేయండి, ఆ గడియారమన్నా పారేయండి" అని చిన్నమ్మ మొత్తుకునేది. ఆయన రెండూ పారేయలేదు.

ఆ రోజుల్లోనే మా వైపు ఇళ్లలోకి స్టీలు వచ్చింది. ఇత్తడి బిందెలు, కంచు గిన్నెలు తోమలేక విసిగిపోయిన ఆడవాళ్లకు స్టీలు సామాను మీద మనసు పడింది. కానీ అందరికీ ఒకటే భయం, పైన తళతళలాడే నకిలీ సరుకు అంటగడతారేమోనని. అలాంటప్పుడు చిన్నాయన దొరికాడు. సంతలో కొన్న చెంబులు, కొత్త కోడలు తెచ్చుకున్న పళ్లేలు, అన్నీ మా వాకిట్లోకి వచ్చేవి. ఆయన చెంబును చేతిలోకి తీసుకుని, బోర్లించి, అడుగున రాయి ముట్టించేవాడు. జారిపోతే "పర్వాలేదు" అనేవాడు. ఆయన నోట అంతకు మించిన మెచ్చుకోలు నేను వినలేదు, నేను ఫస్టు క్లాసులో పాసైనప్పుడు కూడా.

"బాగ మెరుస్తాందే సారూ, చూస్తే తెలుస్తాల్యా?" అని ఎవరైనా అంటే ఆయన ఒకటే మాట.

"చూస్తే ఏం తెలుస్తాది? ముట్టిస్తే తెలుస్తాది."

ఈ మాట మా బజారులో ఊతపదమైపోయింది. వంకాయలు బేరమాడేటప్పుడు కూడా "ముట్టిస్తే తెలుస్తాది" అని నవ్వుకునేవాళ్లు. ఒక బంధువుల పెళ్లిలో చదివింపుల గిన్నెలు వరసగా పెట్టి ఉంటే, మా చిన్నాయన చేతులు ఊరుకోక ఒక్కొక్కటీ బోర్లించి ముట్టించడం మొదలుపెట్టాడు. ఒకటి అంటుకుంది. అది తెచ్చిన పెద్దమనిషి అన్నం తినకుండా లేచిపోయాడు. "పెండ్లికొచ్చినారా, పంచనామాకొచ్చినారా?" అని చిన్నమ్మ ఆ రోజు ఆయన్ను నలుగురిలోనే కడిగేసింది. ఆయనకు తప్పేమిటో అర్థం కాలేదు. అంటుకుంది, అంటుకుందని చెప్పాడు, అంతే కదా.

అబద్ధం ఆయన వంటికి పడదు. మా చర్చిని మేము గుడి అనే అంటాం. పాస్టరు అయ్యగారు గుడి మెట్ల మీద నిలబడి "ఈ పొద్దు ప్రసంగం ఎట్లుంది సారూ?" అని అడిగితే "నిద్రొచ్చింది అయ్యగారూ" అన్న మనిషి. సంఘంలో పెద్ద. ఆయన ఔనంటే ఔను, కాదంటే కాదు. అందుకే ఆయనంటే అందరికీ భయం, అంతకంటే ఎక్కువ నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

మా సంఘంలో జకరయ్య అని ఒకాయన ఉండేవాడు. కూలి ఇంట పుట్టి, నంద్యాలలో ఒక ఇత్తడి పాత్రల దుకాణంలో పనికి కుదిరి, అక్కడ సుత్తి పని నేర్చుకున్నాడు. ఇత్తడికి కాలం చెల్లిందని కనిపెట్టి ఆళ్లగడ్డకు తిరిగి వచ్చి చిన్న స్టీలు సామాన్ల అంగడి పెట్టాడు. మెత్తటి మనిషి. మాట్లాడేటప్పుడు చేతులు రెండూ వెనక్కు పెట్టుకునేవాడు, చేతులు గరుకుగా ఉంటాయని సిగ్గు.

ఆ ఏడు కోతల పండుగకు నేను నంద్యాల నుంచి వచ్చాను. అప్పటికి అక్కడ డిగ్రీ చదువుతున్నాను. పండుగకు రైతులు వడ్ల మూటలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి బల్ల ముందు పెట్టారు. జకరయ్య తెల్ల గుడ్డలో చుట్టిన మూట ఒకటి తెచ్చాడు. విప్పితే ప్రభు భోజనానికి, అంటే సంస్కారంలో రొట్టె, ద్రాక్షారసం ఇవ్వడానికి, ఒక గిన్నె, ఒక పళ్లెం. మా గుడిలో ఉన్న పాత గిన్నెకు పూత పోయి లోపల పచ్చగా చిలుము పట్టేది. ద్రాక్షారసం తాగితే నాలుక మీద ఇత్తడి రుచి తగిలేది. ఆ గిన్నె చూసి చూసి జకరయ్య ఇది చేయించాడు. చేయించడం కూడా కాదు, చేశాడు. మామూలు స్టీలు గిన్నె తెచ్చి, దాని ఒంటి మీద చిన్న సుత్తితో కందిగింజంత దెబ్బలు ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా సందు లేకుండా కొట్టాడు. పళ్లెం చుట్టూ అలాగే. అయ్యగారు దాన్ని ఎత్తి పట్టుకుంటే కిటికీలోంచి పడ్డ ఎండ వంద ముక్కలై గోడల మీద ఆడింది. ఆడవాళ్లు "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. అయ్యగారు చేతులుంచి ప్రార్థన చేసి ఆ రెంటినీ బల్ల మీద ప్రతిష్ఠించారు. జకరయ్య భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, సంతోషంతో.

ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు గిన్నెను చూడడానికి బల్ల చుట్టూ మూగారు. అందులో ఒక ముసలాయన నవ్వుతూ అన్నాడు.

"సారూ, మీ రాయి యాడ? దేవుని సామానుకు ఒగసారి ముట్టీయండి."

అది వేళాకోళం. అందరూ నవ్వారు, జకరయ్య కూడా నవ్వాడు. కానీ మా చిన్నాయనకు వేళాకోళం, పరీక్ష వేరు వేరు కాదు. జేబులోంచి రాయి తీశాడు. ఎడమ చేయి అలవాటు కొద్దీ గిన్నెను బోర్లించబోయింది. ఆగింది. ఇప్పుడే ప్రార్థన చేసి నిలబెట్టిన గిన్నెను, దేవుని బల్ల మీద, సంఘం ముందు తలకిందులు చేయడానికి ఆయనకు మనసొప్పలేదు. ఆ చేయి ఆగడం నేను చూశాను. జీవితంలో ఆయన బోర్లించకుండా ముట్టించిన సామాను నాకు తెలిసి అదొక్కటే. రాయిని గిన్నె పొట్టకు ముట్టించాడు.

అది టక్కుమని అంటుకుంది.

జకరయ్య ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. చిన్నాయన పళ్లెం అంచుకు కూడా ముట్టించాడు. అక్కడా అంటుకుంది. ఆయన రాయిని పీకి, రుమాలులో చుట్టి, జేబులో పెట్టుకున్నాడు.

"ఇది స్టెయిన్‌లెస్ కాదు జకరయ్యా" అన్నాడు. క్లాసులో లెక్క తప్పిన పిల్లవాడితో మాట్లాడే గొంతు అది.

"ల్యా సారూ, బాగ చూసి తెచ్చినా."

"చూస్తే ఏం తెలుస్తాది?" అన్నాడు చిన్నాయన. ఆ మాటకు ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆయన జకరయ్యను దొంగ అనలేదు. ఇది న్యాయంగా చెప్పాలి. ఆ పని తక్కినవాళ్లు చేశారు. గుడికే దొంగ సామాను ఇచ్చినోడు మనకేమిస్తాడని అంగడి గడప తొక్కడం మానేశారు. అయ్యగారు గిన్నెనూ పళ్లేన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. మళ్లీ చిలుము గిన్నె బల్ల మీదికి వచ్చింది.

కొన్నాళ్లకు, నేను సెలవులకు వచ్చి ఉండగా, జకరయ్య మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. వేపచెట్టు కింద చేతులు వెనక్కు పెట్టుకుని నిలబడ్డాడు.

"సారూ, ఆ గిన్నె ఇంగొగసారి చూడండి. అంతే నేనడిగేది. ఒగసారి."

"దేవుని పాత్రను మళ్లా మళ్లా పరీక్ష పెట్టేదేంది జకరయ్యా? రాయికి పక్షపాతం ఉంటాదా?" అన్నాడు చిన్నాయన.

జకరయ్య ఆ రాయి ఉన్న జేబు వైపు చూసి, తలూపి, వెళ్లిపోయాడు. "ఇంగొగసారి చూస్తే మీ సొమ్మేం పోతాది?" అని చిన్నమ్మ లోపలి నుంచి అరిచింది. చిన్నాయన బదులు చెప్పకుండా పేపరు తిప్పాడు. ప్రయోగం ఎప్పుడూ ఒకటికి రెండుసార్లు చేసి చూడాలని మాకు బోర్డు మీద రాసి చెప్పిన మాస్టరు ఆయన. ఇప్పటికీ ఆ పేపరు తిప్పిన చప్పుడు గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ ఎండాకాలం దాటకముందే జకరయ్య అంగడి మూసేసి, భార్యతో సున్నిపెంటకు వెళ్లిపోయాడు. శ్రీశైలం డ్యాము పనివాళ్ల కాలనీలో ఏదో అంగడి పెట్టుకున్నాడని విన్నాం. ఆ తరువాత ఊరు ఆయన్ని మరిచిపోయింది.

ఏళ్లు గడిచాయి. నాకు నంద్యాలలో టీచరు ఉద్యోగం వచ్చింది. చిన్నాయన రిటైరయ్యాడు. ఇంట్లో ఆయనకొక చెంబు ఉండేది, ఆయన పేరు కొట్టించినది. కొన్న రోజున బోర్లించి ముట్టించి "పర్వాలేదు" అనిపించుకున్న చెంబు. దాంట్లో తప్ప నీళ్లు తాగేవాడు కాదు. ఒకరోజు అది బావి గట్టు మీద నుంచి బండల మీద పడి అడుగు సొట్టపోయింది. వీధిలో మాట్లు వేసేవాడు వస్తే చిన్నమ్మ దాన్ని ఇచ్చింది. వాడు అరుగు మీద కూర్చుని, కొయ్య దిమ్మకు ఆనించి, అడుగును సుత్తితో టకటకా కొట్టి చదును చేసి ఇచ్చాడు. చిన్నాయన అది తీసుకుని, బోర్లించి, పని బాగుందో లేదో తడిమి చూస్తూ అలవాటు కొద్దీ రాయి ముట్టించాడు.

అంటుకుంది.

మొదట మాట్లవాడు చెంబు మార్చేశాడనుకుని వాణ్ణి కేకేశాడు. "నీ పేరే ఉండాది గదప్పా దాని మింద, యాడికి మారుస్తాను?" అని వాడు ఎదురు తిరిగాడు. పేరు ఆయనదే. చెంబూ ఆయనదే. కొన్న రోజు అంటని అడుగు ఈ రోజు అంటుకుంటోంది. మధ్యలో జరిగిందల్లా సుత్తి దెబ్బలు. చిన్నాయన అరుగు మీదే కూర్చుండిపోయాడని, అన్నానికి పిలిచినా లేవలేదని చిన్నమ్మ తరువాత చెప్పింది.

ఆ వారం ఆయన సంచిలో చెంబు పెట్టుకుని నంద్యాలలో నా బడికి వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"ఈడ పాలిటెక్నిక్‌లో నా దగ్గర చదువుకున్న పిల్లోడు లెక్చరరు గదా. ఆయప్ప దగ్గరికి పోదాం పా" అన్నాడు.

"ఏందీ చిన్నాయనా, ఏమైంది?"

"ఏమైందో తెలిస్తే నేనెందుకొస్తా?"

ఆ లెక్చరరు పాత మాస్టరును చూసి సంబరపడిపోయాడు. చెంబు అడుగు కోసి చూడాలన్నాడు. చిన్నాయన సరేనన్నాడు. అడుగులోంచి చిన్న ముక్క కోసి, దాన్ని గంధం చెక్కలా అరగదీసి, అద్దంలా నున్న చేసి, ఆసిడ్ పూసి, కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టాడు. ముందు చిన్నాయన చూశాడు. చాలాసేపు చూశాడు. తరువాత నేను కన్ను పెట్టాను. లోపలంతా నాపరాళ్లు పరిచినట్టు తీరైన గళ్లు. సుత్తి తగిలిన పైఅంచు దగ్గర మాత్రం ఆ గళ్లు నలిగి, వాటి మధ్య సన్నటి గీతలు అడ్డదిడ్డంగా కిక్కిరిసి ఉన్నాయి.

"స్టీలు అదే సారూ. దాంట్లో కలిసినవీ అవే" అన్నాడు లెక్చరరు. "మారింది లోపలి అల్లిక. సుత్తి దెబ్బ పడినా, గట్టిగా వంచినా, పైపొరలో అల్లిక మారిపోతాది. ఆ కొత్త అల్లిక అయస్కాంతానికి అంటుకుంటాది. ఎర్రగా కాల్చి చల్లార్చినారనుకోండి, మళ్లా మొదటికొస్తాది, అంటదు."

"అయితే ఇది దొంగ స్టీలు కాదా?"

"కాదు సారూ. మేలైన స్టీలే."

"సుత్తితో కొడితే, మేలైన స్టీలు గూడా అంటుకుంటాదా?"

"కొట్టేకొద్దీ అంటుకుంటాది సారూ."

చిన్నాయన కోసిన చెంబును మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. మంచినీళ్లు అడిగాడు. నాకు అప్పటికి అర్థమైంది ఆయన వచ్చింది ఈ చెంబు కోసం కాదని. జకరయ్య గిన్నె మీద ఎన్ని దెబ్బలు! సందు లేకుండా కొట్టాడే మహానుభావుడు.

ఆళ్లగడ్డకు తిరిగి వెళ్లి ఆయన మొదట చేసిన పని గుడి బీరువా తెరిపించడం. నేనూ వెంట ఉన్నాను. గిన్నెకు దుమ్ము పట్టింది కానీ చిలుము లేదు, తుప్పు లేదు. ఆయన దాన్ని ఒడిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, బోర్లించాడు. సుత్తి తగలని అడుగున రాయి పెట్టాడు. రాయి జారి నేల మీద పడింది. ఆయన దాన్ని తీయలేదు. నేనే తీశాను.

"బోర్లించింటే అయిపోయేది పాపా" అన్నాడు. "ఒక్కసారి బోర్లించింటే."

మరుసటి ఆదివారం సంఘం ముందు లేచి నిలబడ్డాడు. ఫలానా గిన్నె విషయంలో తాను చెప్పింది తప్పని, జకరయ్య తెచ్చింది మేలైన స్టీలని, ఆ మనిషికి అన్యాయం చేశానని చెప్పాడు. అయ్యగారు కొత్తగా వచ్చినవాడు. పడుచువాళ్లకు ఆ సంగతే తెలియదు. వెనక వరసలోంచి ఎవరో "ఏ గిన్నె సారూ?" అన్నారు. పెద్దలు "ఎప్పటి మాటో, ఇప్పుడెందుకులే సారూ" అని ఆయన్ను కూర్చోబెట్టారు. మనిషిని ఊరొదిలి పోయేలా చేసిన మాట వాళ్లకు గుర్తే లేదు.

ఇక సున్నిపెంట పోక తప్పలేదు. అయ్యగారిని అడిగి గిన్నెను తెల్ల గుడ్డలో చుట్టుకుని, నన్ను తోడు రమ్మన్నాడు. నల్లమల ఘాట్ రోడ్డులో బస్సు మలుపులు తిరుగుతుంటే గిన్నెను రెండు చేతులా పొట్టకు అదుముకుని కూర్చున్నాడు. ఎదురు సీటువాణ్ణి టైమెంతని కూడా అడగలేదు.

జకరయ్య కాలనీలో ప్లాస్టిక్ బకెట్లు, మగ్గులు అమ్ముకుంటున్నాడు. తల నెరిసిపోయింది. మమ్మల్ని చూసి కంగారుగా లేచి, ఇంట్లోకి తీసుకుపోయి చాప పరిచాడు. ఆయన భార్య గాజు గ్లాసుల్లో టీ ఇచ్చింది. కూర్చున్న చోటి నుంచి వంటిల్లంతా కనబడుతోంది. మట్టి కుండలు, సత్తు గిన్నెలు, సత్తు పళ్లేలు. స్టీలు సామాను ఒక్కటంటే ఒక్కటి లేదు.

చిన్నాయన గుడ్డ విప్పాడు. గిన్నెను చూడగానే జకరయ్య చేతులు వెనక్కు పోయాయి. చిన్నాయన దాన్ని చాప మీద బోర్లించి, అడుగున రాయి పెట్టి చూపించాడు, పొట్టకు ముట్టించి చూపించాడు. మైక్రోస్కోపులో చూసింది చెప్పాడు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషికి ఆ ఒక్క పాఠం నోట సరిగ్గా రాలేదు. ముందుది వెనక, వెనకది ముందు చెప్పాడు. చివరికి "నీ స్టీలు మంచిదే జకరయ్యా, నేనే తప్పు చెప్పినా" అన్నాడు.

జకరయ్య గిన్నె వైపే చూస్తూ అన్నాడు.

"మీరు అబద్ధం చెప్పరు గద సారూ. ఆ పొద్దు మీరు కాదంటే, నేనూ కాదనే అనుకున్యా. నాకు సరుకు పోసినోడు మోసం చేసినాడనుకున్యా. దేవుని బల్ల మింద దొంగ సామాను పెట్టినోణ్ణి గదా, ఏ మొగం పెట్టుకోని బల్ల కాడికి పొయ్యేది? అప్పట్నుంచి సంస్కారం ముట్టుకోల్యా."

"నేను చెప్తానే ఉన్యా, నువ్వు దొంగవు కాదని" అంది ఆయన భార్య, మా వైపు చూడకుండా. "నేను చెప్తే నమ్మల్యా. సారు చెప్తే నమ్మినాడు. మిమ్మల్ని ఒక్క మాట తిట్టింటే గూడా నాకు ఇంత బాధ ఉండకపోయేది సారూ."

చిన్నాయన తల వంచుకున్నాడు. జకరయ్య మెల్లగా చేయి చాచి గిన్నెను తీసుకున్నాడు. బొటనవేలితో ఆ దెబ్బల మీద నిమురుతూ అడిగాడు.

"సారూ, నేను సుత్తి పట్టకుండా అంగట్లో గిన్నె అంగట్లోదే తెచ్చి ఇచ్చింటే, మీ రాయికి అంటకపోయేదా?"

చిన్నాయన నా వైపు చూశాడు.

"అంటకపోయేది జకరయ్యా" అన్నాడు.

జకరయ్య తలూపాడు. గిన్నెను గుడ్డలో చుట్టి, ముడివేసి, తిరిగి ఆయన చేతికిచ్చాడు. బయల్దేరేటప్పుడు చిన్నాయన ఆయన చేతులు పట్టుకుని, "ఇంగ ఈ గిన్నెతోనే సంస్కారం ఇస్తారు. వచ్చే నెల రా జకరయ్యా. గేటు కాడ నిలబడింటా" అన్నాడు.

"వస్తాలే సారూ" అన్నాడు జకరయ్య.

రాలేదు. ఆయన భార్య ఒకసారి వచ్చింది, ఒంటరిగా. చిన్నాయన మాత్రం మాట తప్పలేదు. సంస్కారం ఉన్న ప్రతి ఆదివారం గొడుగు వేసుకుని గేటు దగ్గర నిలబడేవాడు. లోపల పాటలు మొదలయ్యేవి, వాక్యం అయ్యేది, ఆయన రోడ్డు వైపే చూస్తుండేవాడు. గిన్నె ఎత్తే వేళకు మాత్రమే లోపలికి వచ్చి ఆఖరి వరసలో మోకరించేవాడు. రాయిని ఎవరికిచ్చాడో, ఎక్కడ పారేశాడో, ఆయన జేబు ఇప్పుడు తిన్నగా ఉండేది. ఊళ్లోవాళ్లు ఎవరైనా చెంబు తెచ్చి చూడమంటే "నాకు తెలీదప్పా" అనేవాడు. వయసు మీద పడింది, కాళ్లు వాచాయి. "ఇంగ ఎందుకు చిన్నాయనా, లోపల కూచో" అని నేనంటే కసిరేవాడు. "ఆయప్ప వచ్చే రోజున నేను లేకపోతే ఎట్ల?"

చిన్నాయన వానాకాలంలో పోయాడు. రెండు రోజుల జ్వరం, అంతే. సమాధి దగ్గర మట్టి వేసేటప్పుడు జనం వెనక జకరయ్య కనబడ్డాడు. ముందుకు వచ్చి గుప్పెడు మట్టి వేసి పక్కకు జరిగాడు. ఆ వారం ఊరు విడిచి వెళ్లలేదు. ఆ వచ్చే ఆదివారం సంస్కారం. భార్యతో కలిసి వచ్చి, రొట్టె తీసుకుని, ఆ గిన్నెను గరుకు చేతులతో పట్టుకుని తాగాడు. నేను పక్క వరసలోనే ఉన్నాను. చిన్నాయన ఇది చూడకుండా పోయాడే అని నాకు దుఃఖం ఆగలేదు.

ఆరాధన అయ్యాక జకరయ్య నా దగ్గరికి వచ్చాడు.

"టీచరమ్మా, మీకొక మాట చెప్పల్ల. ఎవరికీ చెప్పల్యా. నేను రెండు మూడు తూర్లు ఈ రోడ్డు మలుపు దాకా వచ్చినా. ఆడికి సారు గొడుగు కనపడేది. కనపడంగానే ఎనక్కి తిరిగి బస్సెక్కేసేవాణ్ణి. ఆయన మంచికే నిలబడినాడు, నాకు తెలుసు. కానీ ఆయన కండ్ల ముందర ఈ గిన్నె నోటికి పెట్టుకోవాలంటే నాతో కాల్యా. మళ్లా నాకు రాయి ముట్టించి చూస్తాండాడేమో అనిపిస్తాండ్య. సారు ఆడ నిలబడకపోయింటే ఎప్పుడో వచ్చింటాను."

మా చిన్నాయన బతికినన్నాళ్లూ ఏ సంగతైనా నిజం తేలాల్సిందే అన్నాడు. ఈ ఒక్క నిజం ఆయన చెవిన పడకముందే ఆయన్ను తీసుకుపోయినందుకు, ఆ పొద్దు అక్కడే నిలబడి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.